డ్రిల్లు మాస్టారు లేని బడి - కౌన్సెలింగులో ఖాళీ గడి

శ్రీకాకుళం జిల్లా పల్లె బడుల్లో ఆటల పద్దుకు కోత పడితే ఆ దెబ్బ ఆ యేడాది కనబడదు. ఆరో తరగతిలో బంతి దొరకకపోవడానికీ, ఆరేడేళ్ల తర్వాత కాలేజీ సీటు చేజారడానికీ సంబంధం ఉందంటే చాలామంది తల్లిదండ్రులు నమ్మరు కూడా.

ఇంజనీరింగు ప్రవేశాల్లో ఎన్.సి.సి. వారికి 1 శాతం, క్రీడాకారులకు అర శాతం సీట్లు కేటాయిస్తున్నారు. అర శాతమంటే 200 సీట్లకు ఒక్కటి. ఇదేమీ పెద్ద సంఖ్య కాదు. దీన్ని చూసి పిల్లల్ని చదువు మాన్పించి మైదానానికి తోలనక్కర్లేదు. అయితే కోచింగుకు డబ్బు పెట్టలేని కూలీ బిడ్డకు మంచి కాలేజీలో చేరే దారులు అసలే తక్కువ. ఉన్న ఒక్కటీ మూసుకుపోకూడదు. మద్రాసు ఐ.ఐ.టి. సైతం 2024-25 నుంచి ఒక్కో కోర్సులో రెండేసి సీట్లు క్రీడాకారులకు అదనంగా ఇస్తోంది. అందులో ఒకటి ఆడపిల్లలకే.

ఆ సీటు అడగాలంటే కబడ్డీ బాగా ఆడితే చాలదు, సర్టిఫికెట్ కావాలి. జాతీయ స్థాయిలో ఆడినవారిది ముందు వరుస. అక్కడికి చేరే మెట్లు మండలం, జిల్లా, రాష్ట్రం. స్కూలు పోటీలకు పిల్ల తనంతట తాను వెళ్లలేదు. బడే జట్టును పంపాలి. పేర్లు పంపేందుకు, వెంట వెళ్లేందుకు ఒక మాస్టారుండాలి. బస్సు చార్జీ, తిండి ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన పిల్లకు కౌన్సెలింగు నాడు చూపించడానికి ఏమీ ఉండదు. ఆ సీటు పట్నంలో శిక్షణ పొందినవారికి పోతుంది.

ఇక డబ్బు సంగతి. సమగ్ర శిక్ష కింద ఆటల సామగ్రికి ఏటా ప్రాథమిక పాఠశాలకు రూ. 5 వేల వరకు, ప్రాథమికోన్నతకు రూ. 10 వేల వరకు, హైస్కూలుకు రూ. 25 వేల వరకు ఇవ్వవచ్చు. ఆ 'వరకు' అన్న మాటలోనే తిరకాసంతా ఉంది. పూర్తిగా వచ్చినా 400 మంది ఉన్న హైస్కూల్లో తలకు ఏడాదికి రూ. 62.50 పడుతుంది. వాలీబాల్, నెట్టు కొనేసరికి అందులో మిగిలేదెంత? ప్రయాణ ఖర్చు మాస్టారి జేబులోంచో, ఊరి చందాల్లోంచో రావలసిందే.

చట్టంలోనూ ఒక చిక్కుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు వందకు మించితేనే వ్యాయామ విద్యకు, చిత్రలేఖనానికి పార్ట్‌టైం బోధకులుండాలి. వంద దాటని పల్లె బడికి ఆ హక్కు లేదు. పిల్లలు తగ్గేకొద్దీ డ్రిల్లు మాస్టారూ దూరమవుతాడన్న మాట.

ఇంటర్లో చూసుకుందామనడం వట్టి మాట. ఆటస్థలమే లేని జూనియర్ కాలేజీలు కోకొల్లలు. అక్కడ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పుస్తకాలే. కాబట్టి ఆట నేర్చేదైనా, పేరు తెచ్చుకునేదైనా హైస్కూలు రోజుల్లోనే.

ఈ జిల్లాకు ఆటలు కొత్త కావు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. నిధుల వినియోగాన్ని చూసే పని కూడా ఆ కమిటీదే. ఆటల పద్దుకు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దేనికి ఖర్చయింది అని సమావేశంలో అడిగితే లెక్క చూపవలసి ఉంటుంది.