ఓడ కళాసీకి హక్కు - పడవ కూలీకి సాయమే

సూళ్లూరుపేట: సముద్రంలో వేటకు వెళ్లిన కూలీ చెయ్యి వించిలో నలిగిపోతే నష్టపరిహారం ఇవ్వవలసినదెవరు? తడ, సూళ్లూరుపేట, వాకాడు తీరంలో ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరకదు. బోటు యజమాని ఆస్పత్రి ఖర్చు పెట్టుకుంటే అది ఆయన మంచితనం. పెట్టుకోకపోతే అడిగే నాథుడు లేడు.

చట్టం లేక కాదు. 1923 నాటి నష్టపరిహార చట్టమే ఓడ కెప్టెనును, కళాసీని, తక్కిన సిబ్బందిని కార్మికులుగా గుర్తించింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. నెల జీతం 15 వేల రూపాయలుగా తీసుకుంటే, 30 ఏళ్ల కార్మికుడు పనిలో మరణించినప్పుడు కుటుంబానికి 15,59,850 రూపాయలు రావాలి. శాశ్వతంగా పనికి దూరమైతే 18,71,820 రూపాయలు. బొటనవేలు ఒక్కటి తెగినా అందులో 30 శాతం.

సరకు ఓడల్లో పనిచేసేవారికి దీనికి తోడు అంతర్జాతీయ రక్షణ కూడా ఉన్నది. సముద్ర కార్మికుల ఒడంబడికను భారతదేశం 2015 అక్టోబరులో ఆమోదించింది. గాయపడిన నావికుడికి కనీసం 16 వారాలపాటు వైద్యం, జీతం ఓడ యజమాని భరించాలని ఆ ఒడంబడిక చెబుతున్నది. అయితే చేపల వేట పడవలకు అది వర్తించదు. వేట కార్మికుల కోసం 2007లో వేరే ఒడంబడిక వచ్చింది గాని మన దేశం దానిని ఆమోదించలేదు.

అసలు చిక్కంతా వాటా దగ్గర ఉన్నది. డీజిలు, ఐసు, బియ్యం ఖర్చులు తీసివేసి, బోటుకూ వలకూ భాగం పోగా మిగిలినది మనుషులు పంచుకుంటారు. కనుక అతడు కూలీ కాదు, భాగస్వామి అనేది యజమానుల వాదన. ఇది కొత్తదేమీ కాదు. వాటా మీద పనిచేసే చేపల పడవ సిబ్బందిని బ్రిటిషువారి 1906 చట్టం పరిహారం నుంచి బాహాటంగానే మినహాయించింది. కాని అడ్వాన్సు తీసుకుని, యజమాని చెప్పినప్పుడు బయలుదేరి, సరంగు చెప్పినచోట వల వేసేవాడు ఎలాంటి భాగస్వామి? బోటు అమ్మితే అతడికి కాణీ కూడా రాదు గదా!

పులికాట్ లోపల సంగతి వేరు. ఇరకం దీవి వంటి చోట్ల సొంత నావ వేసుకుని వేటాడేవాడికి యజమాని అంటూ ఎవరూ ఉండరు. అటువంటివారికి ప్రభుత్వ బీమాయే దిక్కు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మరణానికి, పూర్తి వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షల రూపాయల బీమా ఏర్పాటైంది. మత్స్యకారుడు ప్రీమియం కట్టనక్కరలేదు. మంచి పథకమే. కాని యజమాని ఉన్న కూలీని కూడా ఈ బీమాతోనే సరిపెట్టుకోమనడం న్యాయం కాదు. 18 లక్షలకూ 5 లక్షలకూ తేడా ఎంతో చెప్పనక్కరలేదు.

మరో సంగతి చాలామందికి తెలియదు. తమిళనాడు బోటులో గాయపడినా పరిహారం కోసం మద్రాసు చుట్టూ తిరగనక్కరలేదు. కార్మికుడు తాను నివసించే ప్రాంతపు అధికారి వద్దనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1995 సవరణతో ఈ వీలు కలిగింది. అయితే ఆ బోటులో పనిచేసినట్లు రుజువు చూపాలి. నోటిమాట మీద నడిచే పనికి రుజువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్ల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఏ బోటులో ఎవరెవరు పనిచేస్తున్నారో, వాటా ఎంతో, అడ్వాన్సు ఎంతో ఆ రోజుల్లోనే మత్స్యశాఖ, కార్మికశాఖ కలిసి రాయించి, ఒక నకలు కూలీ చేతికి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు.