కంటబడని తీగలు, కావలి కాయువారు

2021 ఫిబ్రవరి 20వ తేదీన గన్నవరము విమానాశ్రయములో ఒక సంఘటన జరిగెను. దోహానుండి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానము సురక్షితముగా నేలకు దిగి, తన నిలుపు స్థలమునకు మెల్లగా సాగుచుండగా దాని రెక్క ఒక విద్యుత్ స్తంభమును తాకెను. రెక్క దెబ్బతిన్నది, ప్రయాణికులలో ఎవరికిని అపాయము కలుగలేదు. ఆ దెబ్బ అక్కడనున్న ప్రతివాని కంటను పడినది. అట్టి దెబ్బతో విమానమును మరల ఆకాశమునకు పంపుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

విమానమునకు తగులు దెబ్బలన్నియు ఇంత ప్రత్యక్షముగా ఉండవు. గోడల వెనుక, నేలపలకల క్రింద, చక్రములు ముడుచుకొను గూళ్లలో, ఇంధనపు తొట్ల పొంత, వేలకొలది విద్యుత్తీగలు కట్టలు కట్టలుగా సాగుచుండును. వానిలో ఒక తీగ తొడుగు గోరంత ఒరసిపోయినచో చూచువారెవరు? ఈ ప్రశ్న నిపుణులదే కాదు. కృష్ణా, గుంటూరు మండలములలో పైచదువులకో, కొలువునకో బిడ్డను విదేశమునకు పంపిన ఇల్లు లేని గ్రామము అరుదు. ఆ బిడ్డ ఎక్కిన విమానము నేలకు దిగినదన్న కబురు వచ్చువరకు కంటిమీద కునుకు రాని తల్లిదండ్రులందరిదీ ఈ ప్రశ్న.

ఈ ప్రశ్న ఇటీవల మరింత పదునెక్కినది. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో ఎయిరిండియావారి బోయింగ్ 787 విమానము కూలి, విమానములోనివారు 241 మంది, నేలపైనివారు 19 మంది మరణించిరి. మరునాడే పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమువారు ఆ తరహా విమానములకు అదనపు పరీక్షలను విధించిరి. జూలైలో వెలువడిన ప్రాథమిక నివేదిక, రెండు ఇంజనులకును ఇంధనమునందించు మీటలు ఎగిరిన కొలది క్షణములలోనే ఆపుదల స్థానమునకు మారినవని తెలిపినది. తీగల లోపము కారణమని అందు చెప్పబడలేదు. అయినను అక్టోబరు 4న అమృతసరమునుండి బర్మింగ్‌హామునకు పోవుచున్న మరియొక 787 విమానములో, దిగు సమయమున అత్యవసరపు గాలిచక్రము తనంత తాను బయటికి వచ్చెను. విమానములో విద్యుత్తు నశించినపుడు ఎదురుగాలికి తిరిగి కొంత శక్తినిచ్చుట ఆ చక్రము పని. భారత పైలట్ల సమాఖ్యవారు 787 విమానముల విద్యుద్వ్యవస్థను సమగ్రముగ పరీక్షింపవలెనని కోరిరి. అది యంత్రలోపము కాదని సంస్థవారు బదులిచ్చిరి. ఈ వాదములో తీర్పు చెప్పుట మన పని కాదు. పరీక్షయన నేమి, అది ఎప్పుడు నిజమైన పరీక్ష యగును అను సంగతిని పౌరులుగా మనము తెలిసికొనుట మాత్రము అవసరము.

ముందుగా తీగల సంగతి. ఎయిర్‌బస్ 380 అను మహావిమానములో పరచిన తీగల పొడవు 500 కిలోమీటర్లకు పైమాటే. అనగా విజయవాడనుండి చెన్నైకి గల దూరముకంటె అధికము. 2006లో ఆ విమానముల నిర్మాణము నెలల తరబడి వెనుకబడినది. హాంబర్గులోను, తులూజులోను ఇంజనీర్లు వేర్వేరు తరముల కంప్యూటరు నమూనాలను వాడుటచే తీగల కట్టలు వాని చోట్లలో సరిగా అమరకపోవుటయే అందులకు ముఖ్యకారణము. క్రొత్త విమానమున తీగను అమర్చుటయే ఇంత కష్టమైనపుడు, ఇరువదియేండ్లు ఎగిరిన విమానమున దానిని కాపాడుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

తీగకు శత్రువులు పెక్కు. మొదటిది ఒరిపిడి. విజయవాడ ఆటోనగరులో లారీల వైరింగు చేయు ఎలక్ట్రీషియనుకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు: తీగ ఇనుప అంచును తాకుచోట రబ్బరు తొడుగు వేయనిచో, బండి అదురుకు కొన్నాళ్లలో తొడుగు అరిగి రాగి బయటపడును. విమానమునందలి అదురు గంటల తరబడి సాగును. రెండవది వేడిమి, చలువల మార్పు. రోహిణీకార్తెలో రోళ్లు పగులునను సామెత మనవారికి క్రొత్త కాదు. మే నెలలో గన్నవరపు ఎండలో నిలిచిన విమానమే మరి అరగంటలో, బయటి గాలి సున్నకు 50 డిగ్రీలు దిగువనుండు ఎత్తునకు చేరును. ఇట్లు వేలసార్లు జరిగినపుడు తొడుగు పెళుసెక్కి నెఱ్రెలు విచ్చును. మూడవది తడి: వంటగది, మరుగుదొడ్లనుండి కారు నీరు, చల్లని లోహముపై పట్టు చెమ్మ. నాలుగవది మానవుని చేయి. మరమ్మతునకు రంధ్రము తొలిచినపుడు రాలిన లోహపు పొట్టు తీగల కట్టలో చిక్కుకొని మెల్లగా కోయును. ఇరుకున దూరిన పనివాని కాలు కట్టపై పడును. ఇక ఎలుక. విమానములో ఎలుక కనబడినచో దానిని సేవనుండి తొలగించి పొగబెట్టుదురు. వరిపొలముల నడుమ పుట్టిపెరిగిన మనకు ఎలుక పంటి సంగతి చెప్పవలెనా!

తీగ తెగినచో దీపము ఆరును. అది చిన్న లోపము. తొడుగు చీలిన తీగ లోహమును తాకీ తాకక నిలిచినపుడే పెద్ద ముప్పు. ఆ సందులో విద్యుత్తు దుముకును. వెల్డింగు చేయుచోట కనబడు వెలుగు అట్టిదే. దాని వేడిమి కొన్ని వేల డిగ్రీలు. ఫ్యూజు కాపాడదా యని విద్యార్థి అడుగవచ్చును. సామాన్యమైన సర్క్యూట్ బ్రేకరు, ఎక్కువ విద్యుత్తు ఎడతెగక ప్రవహించి తీగ వేడెక్కునపుడు తెగునట్లు అమర్చబడినది. క్షణకాలము మెరిసి ఆరు రవ్వను అది గుర్తింపలేదు. వెనుకటి విమానములలో విరివిగా వాడిన పాలీఇమైడ్ తొడుగు తేలిక, వేడిమికి ఓర్చును. కాని ఒకసారి మాడినచో ఆ మసియే విద్యుద్వాహకమై రవ్వను కట్టపొడవునను ప్రాకించును.

ఈ ముప్పు గ్రంథములకు పరిమితమైనది కాదు. 1996 జూలై 17న న్యూయార్కునుండి బయలుదేరిన టి.డబ్ల్యు.ఏ. వారి బోయింగ్ 747 ఆకాశముననే ప్రేలి 230 మంది మరణించిరి. నాలుగేండ్ల విచారణ పిమ్మట, మధ్యతొట్టిలోని ఇంధనపు ఆవిరి అంటుకొనుటయే కారణమని తేలినది. తొట్టి వెలుపల జరిగిన షార్ట్ సర్క్యూటుచే, ఇంధనపు మట్టము తెలుపు తీగలగుండ అధికవిద్యుత్తు లోనికి ప్రవేశించియుండుటకే ఎక్కువ అవకాశము కలదని విచారణసంస్థ చెప్పెను. ఆ విమానము వయస్సు 25 ఏండ్లు. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరమున స్విస్ఎయిర్ విమానము కూలి 229 మంది చనిపోయిరి. ప్రయాణికుల వినోద పరికరములకు పోవు ఒక తీగలో రవ్వ పుట్టిన జాడ దొరకినది. ఆ ఒక్క తీగయే మూలమని నిశ్చయింపజాలకపోయినను, పైకప్పు వెనుకనున్న అట్టల కప్పుడు పదార్థము నిప్పును వ్యాపింపజేసినదని తేల్చిరి. పొగవాసన తగిలిన ఇంచుమించు ఇరువది నిమిషములకే అంతయు ముగిసినది.

ఈ రెండు దుర్ఘటనల నడుమ, 1998 మే నెలలో, అమెరికా విమానయాన అధికారులు ఒక అత్యవసరపు ఆజ్ఞ జారీచేసిరి. 50,000 గంటలకు మించి ఎగిరిన పాత 737 విమానములను, రెక్కలలోని ఇంధనపు పంపుల తీగలను పరీక్షింపక మరల ఎగురనీయరాదని దాని సారాంశము. గొట్టములలోనుండి తీగలను లాగి చూడగా పెక్కింట కొద్దియో గొప్పయో ఒరిపిడి కానవచ్చినది. కొన్నిట రాగి బయటపడియుండెను. వెంటనే 40,000 గంటల విమానములకును ఆజ్ఞను విస్తరించిరి. గమనింపవలసిన దేమనగా, ఆ విమానములన్నియు అంతకు ముందుదినమువరకు ప్రయాణికులతో ఎగిరినవే. వాని పుస్తకములలో సంతకములన్నియు సక్రమముగా ఉన్నవే. తీగ ఒకసారి అమర్చినచో విమానమున్నంతకాలము ఉండునను నమ్మకముతో దానిని ఎవరును లాగి చూడలేదు. తీగల సముదాయమును కూడ ఇంజనువలె ఒక ప్రత్యేక వ్యవస్థగా ఎంచి పరీక్షింపవలెనను నియమము 2007లో గాని అమెరికాలో రాలేదు.

నియమము వచ్చినంతనే కథ ముగియలేదు. 2008 ఏప్రిలులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన ఎం.డి. 80 విమానములను ఇంచుమించు 300 నిలిపివేసి, మూడువేలకు పైగా ప్రయాణములను రద్దుచేసినది. చక్రముల గూటిలోని తీగల కట్టను ఆజ్ఞలో చెప్పినట్లు కట్టలేదన్నదే అభ్యంతరము. కట్లమధ్య అంగుళములో స్వల్పభాగము తేడా ఉన్నంతమాత్రాన లక్షలమందిని చిక్కులపాలు చేయుదురా యని పలువురు కోపించిరి. ఆ కోపములో న్యాయము లేకపోలేదు. కాని దానికి ముందు నడచిన కథను కూడ చూడవలెను. సౌత్‌వెస్ట్ సంస్థ 46 విమానములను, దేహమునందలి పగుళ్ల పరీక్ష గడువు దాటినను నడపినదని అంతకు నెలముందే బయటపడినది. పరీక్షాధికారులకు, సంస్థకు నడుమ స్నేహము మితిమీరినదని ఇద్దరు ఉద్యోగులు అమెరికా చట్టసభ ఎదుట సాక్ష్యమిచ్చిరి. కన్ను మూసికొనిన పరీక్షకుడు హఠాత్తుగా కన్ను తెరచినపుడు అంగుళములో తేడా కూడ పర్వతమై కనబడును. ప్రతిదినమును కన్ను తెరచియున్నచో ఒక్కనాడు మూడువందల విమానములను నిలుపవలసిన అగత్యము రాదు.

కృష్ణా డెల్టా ప్రజలకు ఈ నీతి నీటిద్వారా తెలియును. కాలువగట్టుకు గండి పడుట వరదనాడు చూతుము గాని, దాని పుట్టుక ఒక్కొక్కపుడు ఎండ్రకాయ కన్నములోనో, ఎలుక బొరియలోనో ఉండును. అందుకే కాలువలపై లస్కర్లను నియమించిరి. ఎండకాలమున గట్టువెంట నడచి, చెమ్మ ఊరినచోట ఆగి, మన్ను కూరి త్రొక్కించిన లస్కరు పేరు ఏ పత్రికలోను పడదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, దాని మళ్లింపు కాలువగట్టుకు మూడుచోట్ల గండ్లు పడగా సింగునగరు ప్రాంతము నీట మునిగినది. సైన్యము కూడ వచ్చి రేయింబవళ్లు శ్రమించి వారములోపల గండ్లను పూడ్చిరి. ఆ శ్రమను అందరును మెచ్చితిమి. నేలమీద గండి పడినచో పూడ్చుటకు వారము గడువు దొరకును. ముప్పదివేల అడుగుల ఎత్తున ఆ గడువు లేదు. కనుక విమానమునకు లస్కరే దిక్కు. గండి పూడ్చువాడు లేడు.

ఆ లస్కరు లైసెన్సు పొందిన నిర్వహణ ఇంజనీరు. చేత టార్చి, పిడిగల చిన్న అద్దము ధరించి, మన మందరము నిద్రించు వేళ అతడు ఇరుకు సందులలో దూరును. అతనికి తోడు నూతన సాధనములును వచ్చినవి. బావిలో కేక వేసి ప్రతిధ్వనినిబట్టి లోతు ఊహించినట్లు, తీగ కొసనుండి విద్యుత్ స్పందనను పంపి, అది మరలివచ్చు కాలమునుబట్టి లోపమెంత దూరమున నున్నదో కనుగొనవచ్చును. రవ్వను గుర్తించి తెగు క్రొత్తరకపు బ్రేకరులును కలవు. ఐనను ఒక చిక్కు ఉన్నది. పెళుసెక్కిన పాతతీగల కట్టను కదలించుటయే దానికి క్రొత్త పగుళ్లు తేవచ్చును. కనుక మాటిమాటికి విప్పి చూడుమనుట పరిష్కారము కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతవరకు చూడవలెనో ఎరిగి చూచుట, చూచుచోట దుమ్మును, లోహపు పొట్టును తుడిచివేయుట ముఖ్యము. ఇది శిక్షణచేత, నిదానముచేత వచ్చు విద్య.

కావున మనము కోరవలసినవి మూడు. మొదటిది సమయము: తెల్లవారి ఆరింటికి విమానము ఎగురవలెనని గడియారము చూపి ఇంజనీరును తొందరపెట్టరాదు. రెండవది అభయము: లోపమును చెప్పిన ఉద్యోగికి కీడు కలుగదను నమ్మకముండవలెను. మూడవది ప్రకటన: పరీక్షలో ఏమి కనబడినదో ప్రజలకు తెలుపవలెను. అంతయు బాగున్నదను ఒక్కమాట పైలట్ల సందేహమును తీర్చలేదు, తల్లిదండ్రుల భయమును తీర్చలేదు. పౌర విమానయాన శాఖను 2014నుండి 2018వరకు అశోక్ గజపతిరాజు, 2024 జూన్ నుండి కింజరాపు రామమోహన నాయుడు నిర్వహించుటకు పూనుకొనిరి, ఇరువురును తెలుగువారే. ఈ మూడు కోర్కెలను తెలుగు ప్రయాణికులు గట్టిగా వినిపించుటకు ఇదియు ఒక చనువు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. హైదరాబాదులో శాఫ్రాన్ సంస్థవారి కర్మాగారమున విమానములకు వలయు తీగల కట్టలు తయారగుచున్నవి. శంషాబాదులో విమానముల మరమ్మతుశాల నడచుచున్నది. మన పాలిటెక్నిక్కు విద్యార్థులు రేపు ఆ పనులలో చేరువారు. ప్రయోగశాలలో చూడని కొలతను చూచినట్లు వ్రాయుట చిన్న తప్పని ఊరకుండరాదు. చూడక చేసిన సంతకము అక్కడనే అలవడును. చూచినది మాత్రమే వ్రాయుటను పదునారవయేట నేర్చిన పిల్లవాడు, నలువదియవయేట నడిరేయి విమానపు గూటిలో టార్చి పట్టుకొని నిలిచినపుడు, ఎవరెంత తొందరపెట్టినను, చూడని తీగకు సంతకము చేయడు.