చివరి వారం బిల్లులు

పార్లమెంటులో ఏ బిల్లుకు ఎన్ని గంటలో సభా వ్యవహారాల సలహా సంఘం తేలుస్తుంది. ఆ పంపకంలో ఆదివాసుల వంతు ఎంత?

అటవీ హక్కుల బిల్లును 2005 డిసెంబరు 13న లోక్‌సభలో పెట్టారు. ఏడాది నానబెట్టారు. 2006 డిసెంబరు 15న లోక్‌సభ, 18న రాజ్యసభ ఆమోదించాయి. అప్పటికి శీతాకాల సమావేశాలు చివరికొచ్చాయి. అమలు మొదలైంది 2007 డిసెంబరు 31న. ఆ రెండేళ్లూ పోడు చేలో మేం భయంతోనే విత్తనం వేశాం.

కొన్ని అటవీ భూములను రక్షణ చట్టం నుంచి తప్పించే సవరణ బిల్లుకు ఈ నిదానం లేదు. 2023 మార్చి 29న పెట్టారు. మణిపూర్‌పై చర్చ కోరుతూ ప్రతిపక్షం నినాదాలిస్తుండగానే జూలై 26న లోక్‌సభ దాటించారు. ఆగస్టు 2న రాజ్యసభా అయిపోయింది. హక్కు ఇచ్చే బిల్లు కాలినడకన, అడవిని తగ్గించే బిల్లు బండెక్కి రావాలా?

సభ్యులకు సెలవులు ఉండాల్సిందే. కానీ మా నేల సంగతి ఊరి ప్రయాణపు తొందరలో తేల్చొద్దు. అలాంటి బిల్లును సమావేశాల మొదటి వారంలోనే చర్చకు పెట్టండి. అంతకు ముందే కోయ, గోండి, సవర భాషల్లో గ్రామసభలకు చదివి వినిపించండి. మా జవాబు సభ ముందుకు వచ్చాకే ఓటింగు జరపండి.