జీడిపప్పూ, జీడిపాకమూ

ఒక సినిమాని నేను ‘జీడిపాకం’ అన్నానని ఓ పాఠకుడు నిలదీశాడు. “ఉప్మాలో జీడిపప్పు ఏరుకు తినే మీరు, విసుగు పుట్టించిన సినిమాకి దాని పేరెలా పెట్టారండీ?” అని.

బాబూ! ఆ పాకం వేరు, ఈ పప్పు వేరు. బెల్లం పాకాన్ని లాగి లాగి చేసే జీడీలున్నాయే, సాగతీత పాపం వాటిది. మన జీడిపప్పు నిర్దోషి! అసలిది పరదేశి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి పట్టుకొచ్చారు. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి మనకి ముందే ఉంది. దాని చుట్టమూ, మామిడి చుట్టమూ కాబట్టి కాబోలు, కొత్తచెట్టుకి ‘జీడిమామిడి’ అని పేరు పడింది.

ఇంటర్వెల్ గంట కొట్టగానే మసాలా జీడిపప్పు పొట్లం విప్పడం నాకు అలవాటు. మిగిలింది ఇంటికి తెచ్చుకుంటాను. మా లాల్‌గడి మలక్‌పేట్‌లో పక్క వాటాలో పలాస నుంచి వచ్చిన అక్క ఒకావిడ ఉంది. ఓ రాత్రి ఆవిడకీ నాలుగు పెట్టబోతే నవ్వి, “నాకొద్దు తమ్ముడూ, నీకు పప్పే తెలుసు. పిక్క సంగతి తెల్దు” అని చేతులు చాపింది. వేళ్ల కొసల్లో పాత మచ్చలు. పిక్క డొల్లలో ఉండే జీడినూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. కాల్చిన పిక్కల్ని ఒక్కొక్కటే కొట్టి, విరక్కుండా పప్పు తీయడం ఆవిడ చిన్ననాటి కొలువు. ఇప్పుడు యంత్రాలొచ్చినా ఆడవాళ్ల చేతిపని పూర్తిగా పోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చేసింది. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు!

ఆ రాత్రి నుంచి పొట్లాన్ని గుప్పిళ్లతో బుక్కడం మానేశాను. లెక్కపెట్టి తింటున్నాను. ఒంటికీ అదే మంచిదిట. 100 గ్రాముల్లో సుమారు 550 కేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు, 44 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఇనుము, రాగి, మెగ్నీషియం కూడా దండిగా ఉన్నాయి. ‘కొలెస్ట్రాల్ బాబోయ్’ అని పారిపోయే హీరోలకి ఓ మాట: చెట్టున కాసేదానిలో కొలెస్ట్రాల్ ఉండదు. అలాగని పొట్లం ఖాళీ చేస్తే కేలరీలు ఊరుకోవు. రోజుకి 30 గ్రాములు, అంటే సుమారు 20 పప్పులు, చాలు. నూనెలో వేయించి ఉప్పు దట్టించినవి అప్పుడప్పుడే. వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్లకి మాత్రం ఒక్కటి కూడా ప్రమాదమే.

కొనేటప్పుడు కిటుకు వినండి. డబ్బా మీద 180, 240, 320 అని ఉంటుంది. ఒక పౌనుకి అన్ని పప్పులు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఘాటు! వంటకి బద్దలూ ముక్కలూ చాలు. రుచిలో, బలంలో తేడా లేదు. గుప్పెడు ముక్కలు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తగా రుబ్బి టమాటా కూరలో కలపండి, హోటలు కూర చిన్నబోతుంది. పొంగలిలోకైతే సన్నసెగ మీద నేతిలో వేయించి, బంగారు రంగు తిరక్కముందే దించేయండి. మిగతాది నేతి వేడే చూసుకుంటుంది. మూత బిగించకపోతే మక్కు వాసన ఖాయం.

నిన్న అలాగే కూర చేసి అక్కకి గిన్నెడు ఇచ్చాను. “నా చేత్తో తీసిన పప్పు నేనెప్పుడూ కూరొండుకోలేదు తమ్ముడూ” అంది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. నేను రాసిన ఏ సమీక్షకీ ఇంత మెప్పు రాలేదు!

వచ్చేవారం మళ్లీ కలుద్దాం. ఈలోగా జీడిపాకం సినిమాలకి దూరంగా ఉండండి!