నట్టింటి పలక

మార్కాపురంలో టీవీల దుకాణంలోకి అడుగుపెడితే ముందు పలకరించేది చిలక. గోడ నిండా వరసగా పెట్టిన తెరలన్నింటి మీదా అదే చిలక... ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు. ఆ వెనకే ఓ జలపాతం, పండు ముక్క మీద నుంచి జారే తేనెచుక్క. పెద్దారవీడు నుంచి మిర్చి డబ్బు జేబులో పెట్టుకొచ్చిన రైతు కుటుంబం ఒకటి ఆ చిలకను చూసే మనసు పారేసుకుందనుకోండి. టీవీ ఇంటికొస్తుంది. పాత డిష్ పెట్టెకు తగిలించి సాయంత్రం వార్తలు పెడతారు. చదివే అమ్మాయి మొహం నీళ్లు పడ్డ బొమ్మలా అలుక్కుపోయి కనిపిస్తుంది. 'అదేందిరా అబ్బాయా, మన డబ్బా టీవీనే నయంగా ఉండె గదా!' అంటుంది నాయనమ్మ.

ఆవిడ అన్నదాంట్లో నిజముంది. దుకాణదారు మోసమూ చెయ్యలేదు, టీవీ మారిపోనూ లేదు. మారింది తెరకు అందే బొమ్మ.

మామూలు ఛానల్ బొమ్మలో ఉండే చుక్కలు నాలుగు లక్షల పైచిలుకు. 'హెచ్‌డీ రెడీ' తెరకు సుమారు 10 లక్షలు కావాలి, 'ఫుల్ హెచ్‌డీ'కి 20 లక్షలు దాటాలి. 4కే తెర అయితే 80 లక్షలకు పైనే అడుగుతుంది. లేని చుక్కల్ని టీవీ పక్క చుక్కల్ని చూసి ఊహించి పూరించుకోవాలి. తెర ఎంత పెద్దదైతే అంత ఊహ. కుంచెడు విత్తనం పట్టుకుని పదెకరాలకు చల్లినట్టన్నమాట! పాత డబ్బా టీవీ చిన్నది, పైగా ఆ గీతలకు తగ్గట్టే తయారైంది. అందుకే దాంట్లో లోపాలు కనిపించేవి కావు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనా, ఆ తర్వాత పదేళ్లకు ఆదివారం ఉదయం రామాయణం వచ్చినా, బొమ్మ బాగుండాలంటే ఒకరు మిద్దె మీద యాంటెన్నా తిప్పాలి, ఒకరు కింద నుంచి 'వచ్చింది... పోయింది' అని అరవాలి. బొమ్మ ఎక్కడి నుంచి వస్తోందన్నదే అప్పుడు ముఖ్యం. ఇప్పుడూ అంతే. మిద్దె ఎక్కే పని మాత్రం తప్పింది.

కాబట్టి దుకాణంలో మొదట చెయ్యాల్సింది ఆ చిలకను ఆపించడం. ఇంట్లో రోజూ చూసే ఛానల్ పెట్టమనాలి. 'షోరూమ్' పద్ధతిలో ఉంచిన వెలుతురును తగ్గించి ఇంటి పద్ధతికి మార్చమనాలి. ఇంట్లో వాడే పెట్టె మామూలుదా, హెచ్‌డీదా అన్నది వెళ్లేముందే చూసుకోవాలి. ఉచిత డిష్‌లో వచ్చేవి చాలావరకు మామూలు ఛానళ్లే. హెచ్‌డీ పెట్టె ఉండి, హెచ్‌డీ ఛానళ్లకు డబ్బు కడుతూ కూడా ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతోనే నెట్టుకొచ్చే ఇళ్లున్నాయి. ఆ పసుపు వైరులో హెచ్‌డీ బొమ్మ ప్రయాణించదు. దానికి హెచ్‌డీఎంఐ వైరే కావాలి. వేలు పోసి కొన్న తెరకు కొన్ని వందల వైరు దగ్గర పిసినారితనమెందుకు?

తర్వాతి లెక్క మంచానిది. గోడకూ మంచానికీ మధ్య ఎనిమిది అడుగులు ఉందనుకుందాం. అంత దూరం నుంచి మంచి చూపున్న కన్నుకైనా 0.7 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న చుక్కలు కలిసిపోయే కనిపిస్తాయి. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెర మీద చుక్కకూ చుక్కకూ దూరం అర మిల్లీమీటరు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలోనూ దాదాపు అంతే. మరి అదే 43లో 4కే కొంటే? ఆ అదనపు చుక్కలు మంచం మీదున్నవాళ్లకు కనపడవు. ముక్కు ఆనించి చూసే చిన్నోడికి తప్ప! 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అందువల్ల పెద్దదాని మీదకు మనసు పోవడం సహజమే. తప్పూ లేదు, వచ్చే బొమ్మ హెచ్‌డీదైతే.

చుక్కల కంటే ముందు చూడాల్సింది నలుపు. ఈ మాట మార్కాపురం వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు దేశమంతటా పిల్లల చేతికి పలకలు పంపిన ప్రాంతం. తడిగుడ్డతో తుడిచిన పలక నలుపేమిటో, ఆరి సుద్ద పట్టిన పలక బూడిదరంగేమిటో వాళ్ల కళ్లకు బాగా తెలుసు. ఎల్‌ఈడీ టీవీల్లో ఎక్కువ భాగం వెనక దీపాలున్న ఎల్‌సీడీ తెరలే. ఆ వెలుగు కొంత కారుతుంది. రాత్రి సన్నివేశం పెట్టించి, నల్లచొక్కా మడతలు తెలుస్తున్నాయా, అంతా ఒకే బూడిద ముద్దగా ఉందా అని చూడాలి. వీఏ రకం తెరలకు నలుపు బాగుంటుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది. ఐపీఎస్ రకానికి నలుపు తక్కువ, పక్క చూపు ఎక్కువ. మన ఇళ్లలో టీవీకి ఎదురుగా సోఫా వేసుకుని కూర్చునేదెవరు? ఒకరు గడపలో, ఒకరు వంటగది తలుపు దగ్గర, పిల్లలు నేల మీద. నాయనమ్మ చోటు గడప పక్కనైతే దుకాణంలోనూ అంత పక్కకు జరిగి నిలబడి చూడాల్సిందే.

క్రికెట్ పెట్టించి బంతి వెనక తోక వస్తోందేమో చూడాలి. కళ్లు మూసుకుని మాటలూ వినాలి. పల్చటి టీవీల స్పీకర్లు చాలావాటికి కింది వైపుంటాయి, మాట నేలకు తగిలి వస్తుంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది బొమ్మ కంటే పెద్ద సమస్య.

ఇంకోటి... పాత సినిమాలు. 1957 నాటి నలుపు తెలుపు 'మాయాబజార్' బొమ్మ దాదాపు నలుచదరంగా ఉంటుంది. వెడల్పు తెర నిండాలని దాన్ని సాగదీస్తే అసలే భారీ మనిషి ఎస్వీ రంగారావు తలుపులో పట్టడు! రిమోట్‌లో 4:3 నొక్కి, రెండు పక్కలా నల్లపట్టీలు వదిలేస్తే ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే ఉంటాడు.

టీవీ ఇంటికొచ్చిన రోజు బిగించడానికి వచ్చినవాళ్ల ఎదుటే పెట్టె విప్పించాలి. ఒకసారి తెరంతా తెలుపు, ఒకసారి తెరంతా నలుపు పెట్టి చచ్చిన చుక్కలు, మూలల్లో వెలుగు మరకలు ఉన్నాయేమో చూడాలి. పగిలిన తెరకు సాధారణంగా వారంటీ వర్తించదు. ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు డిష్ వైరూ పీకాలి. తిరిగిచ్చే గడువు దాటేదాకా అట్టపెట్టెను, అందులోని తెల్ల థర్మాకోల్‌ను పిల్లల చేతికివ్వకుండా అటక మీద పెట్టాలి.