పంక్తిభేదమును చూచిన క్రీడాంగణము

విస్తళ్లు వేసి వడ్డించు కోడలికి అత్తగారు మొట్టమొదట నేర్పు మాట, పంక్తిభేదము పనికిరాదని. ఒకే వరుసలో కూర్చున్నవారిలో ఒకరికి గడ్డపెరుగును, వేరొకరికి నీళ్లమజ్జిగను వడ్డించినచో వంట ఎంత రుచిగా నున్నను ఆ రెండవవారికి తృప్తి కలుగదు. తిన్నది మరచిపోవుదురు గాని, జరిగిన అవమానమును మరువరు. ఈ నెల మనము చెప్పుకొనబోవునది భోజనపంక్తిని గూర్చి కాదు. అమెరికా దేశమునందలి ఒక పాత బంతియాట స్థలములో జనులు కూర్చుండు వరుసలను గూర్చి. అయినను విషయ మొక్కటియే.

ఆ దేశమున బేస్‌బాల్ అను ఆట మిక్కిలి వ్యాప్తిలో నున్నది. పక్షమునకు 9 మంది ఆడుదురు. ఒకడు బంతి విసరగా ఎదుటిపక్షమువాడు కర్రతో కొట్టి, నాలుగు మూలల వెంబడి పరుగెత్తి, బయలుదేరిన మూలకే తిరిగి చేరవలెను. ఆ మూలను వారు ‘ఇల్లు’ అనియే పిలుతురు. ఇల్లు చేరినవానికి ఒక పరుగు. మహానగరములందలి గొప్ప జట్లు కాక, చిన్న నగరములందు మైనర్ లీగు జట్లనునవి కలవు. పెద్ద జట్లలో చేరగోరు యువకులు ముందుగా వీటిలో ఆడి ఆరితేరుదురు. పెద్ద జట్లతో సంబంధముగల ఇట్టి జట్లు 2019 నాటికి 160 ఉండెను. 2021లో వానిని 120కి కుదించిరి. ఈ చిన్న నగరముల క్రీడాంగణములకు వేసవి సాయంకాలములందు తలిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని పోవుదురు. టిక్కెట్టు వెల పెద్ద నగరములలోకన్న తక్కువ. చిరుతిండ్లు తినుచు, ఇరుగుపొరుగువారిని పలుకరించుచు కూర్చుందురు. ఏడవ వంతు ఆట నడుమ అందరును లేచి నిలువబడి కాళ్లు సాచుకొనుట ఒక వేడుక.

ఇట్టి క్రీడాంగణములలో మిక్కిలి పాతది అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హామ్ నగరమందలి రిక్‌వుడ్ ఫీల్డు. ఆ దేశమున నేటికిని నిలిచియున్న వృత్తి బేస్‌బాల్ స్థలములలో ఇదియే ప్రాచీనమైనది. బర్మింగ్‌హామ్ ఇనుము, బొగ్గు గనుల ప్రక్కన 1871లో వెలసిన నగరము. అచ్చటి ఇనుప కర్మాగారముల వంశమునకు చెందిన రిక్ వుడ్‌వర్డ్ అను యువకుడు బారన్స్ అను జట్టును కొని, దానికై ఈ స్థలమును కట్టించెను. అతని పేరును కుదించియే దీనికి రిక్‌వుడ్ అని పెట్టిరి. అంతకుముందు ఆటస్థలములను కలపతో కట్టుచుండిరి. అవి నిప్పంటుకొని తరచు కాలిపోవుచుండెను. రిక్‌వుడ్‌ను కాంక్రీటుతోను, ఉక్కుతోను కట్టిరి. ఫిలడెల్ఫియా జట్టును నడపిన ప్రసిద్ధుడు కానీ మాక్ మైదానపు కొలతలను నిర్ణయించుటలో సాయపడెను. 1910 ఆగస్టు 18వ తేదీన తొలి ఆట జరిగెను. పదివేలకు పైగా జనము వచ్చిరి. 1936లో విద్యుద్దీపములు అమర్చుటచే పగలెల్ల పనిచేసిన కార్మికులు రాత్రిపూట ఆట చూచుటకు వీలు కలిగెను.

ఇంతవరకు విన్న మనకు ఇది సంతోషకరమైన కథగానే తోచును. కాని బర్మింగ్‌హామ్‌లో తెల్లజాతివారికిని, నల్లజాతివారికిని బడులు వేరు, వాహనములలో ఆసనములు వేరు, మంచినీటి కుళాయిలు వేరు. ఆటస్థలము మాత్రము వేరుగా నుండునా? బారన్స్ జట్టు తెల్లవారిది. వారి ఆట చూడవచ్చిన నల్లవారు నీడగల ప్రధాన మండపమున కూర్చుండరాదు. మైదానమునకు కుడివైపున దూరముగా వేసిన బల్లలే వారికి గతి. ఆ కర్మాగారములలో ఇనుము కరగించినవారిలో వారును కలరు. చెల్లించిన డబ్బు డబ్బే. అయినను పంక్తి వేరు.

1920లో నల్లజాతివారు బ్లాక్ బారన్స్ అను తమ సొంత జట్టును నెలకొల్పుకొనిరి. తెల్లవారి జట్టు పొరుగూరి ఆటలకు పోయిన దినములలో రిక్‌వుడ్‌ను అద్దెకు తీసుకొని ఆడుచుండిరి. ఆ దినములలో మండపము నల్లవారిది. చూడవచ్చిన తెల్లవారికే వేరుగా కొంతచోటు కేటాయించుచుండిరి. ఆదివారమున ప్రార్థనాలయమునుండి స్త్రీలు ఇంటికి పోక, టోపీలతోను, పండుగ దుస్తులతోను నేరుగా ఆటకు వచ్చెడివారు. వారమంతయు పరుల ఇండ్లలో వంటచేసి, బట్టలుతికి, ఎవరెక్కడ నిలువుమన్న అక్కడ నిలిచిన ఇల్లాండ్రకు, మంచిచోట కూర్చుండి తమ బిడ్డల ఆట తాము చూచుకొను ఆ పూట ఎంత విలువైనదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ జట్టున సాచెల్ పేజ్ వంటి మేటి ఆటగాండ్రు ఆడిరి. 1948లో విల్లీ మేస్ అను 17 ఏండ్ల బాలుడు చేరెను. తలిదండ్రులు విడిపోయినందున అతనిని తండ్రియు, ఇరువురు పినతల్లులును పెంచిరి. తండ్రియు కర్మాగారపు జట్టులో ఆడినవాడే. మేస్ అప్పటికింకను బడిలో చదువుచుండెను. జట్టు నాయకుడు పైపర్ డేవిస్ వానికి ఆటయొక్క మెలకువలను నేర్పెను. ఆ బాలుడే తరువాత బేస్‌బాల్ చరిత్రలో అగ్రగణ్యులలో ఒకడయ్యెను. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టున చేరుటతో పెద్ద జట్లలోనికి నల్లవారికి ద్వారము తెరువబడెను. అది న్యాయమే గాని, ఉత్తమ ఆటగాండ్రందరు అటు తరలిపోగా, నల్లవారి సొంత జట్లు క్రమముగా క్షీణించెను. 1960 దశాబ్దపు ఆరంభమునకు అవి అంతరించెను.

బర్మింగ్‌హామ్ నగరము మాత్రము ఇంకను పంతము పట్టెను. తెల్లవారు, నల్లవారు కలిసి పేకాటయైనను, పాచికలాటయైనను, బంతియాటయైనను ఆడుట నేరమని 1950 ప్రాంతమున శాసనము చేసిరి. ఒకప్పుడు రిక్‌వుడ్ ఆటలను రేడియోలో వర్ణించి పేరుపొందిన బుల్ కానర్ అను నతడు ఆ పేరుతోనే రాజకీయములలో పైకి వచ్చి, నగర రక్షణశాఖకు అధికారి యయ్యెను. సమానహక్కులు కోరి ఊరేగిన బాలబాలికలపై 1963 మే నెలలో నీటిగొట్టములను, కుక్కలను ప్రయోగింపజేసినవా డితడే. ఆ సెప్టెంబరు 15న ఒక ప్రార్థనాలయమున బాంబు పేలి నలుగురు ఆడుపిల్లలు మరణించిరి. బారన్స్ ఆడిన లీగు జాతిభేదమును విడువక 1961తో మూతపడగా, రెండేండ్లు వృత్తి జట్టు లేక రిక్‌వుడ్ వెలవెలబోయెను. తోడివానిని కూర్చుండనీయని పంతమునకు చివరకు ఎవరికిని ఆట లేకుండపోయినది. 1964లో ఇరుజాతులవారును కలిసి ఆడు జట్టు అచ్చటికి వచ్చెను.

అంతమాత్రమున కష్టములు తీరలేదు. 1967లో రిక్‌వుడ్‌లో ఆడిన రెగీ జాక్సన్‌ను, నల్లవాడగుటచే, భోజనశాలలలోను, బసలలోను రానీయలేదు. వాని కన్నము పెట్టనిచోట తామును తినమని జట్టు అధికారి జాన్ మెక్‌నమారా పట్టుపట్టెను. తోటి ఆటగాడు జో రూడీయు, అతని భార్యయు తమ చిన్న వాసములో వానికి పడక యిచ్చిరి. ఆ గృహమును తగులబెట్టెదమని బెదిరింపులు వచ్చెనట. శాసనములు మార్చుట ప్రభుత్వముల పనియే. కాని రాత్రివేళ వచ్చినవానికి తలుపు తీయు పని మాత్రము ఆ ఇంటి ఇల్లాలిదై యుండెను.

1987 తరువాత బారన్స్ జట్టు పొరుగున నిర్మించిన క్రొత్త క్రీడాంగణమునకు తరలెను. 2013లో నగరమధ్యమున కట్టిన మరియొక స్థలమునకు మారెను. పాడుపడిన రిక్‌వుడ్‌ను కూల్చివేయకుండ కాపాడుటకు 1992లో ఒక మిత్రసంఘ మేర్పడి, విరాళములు కూర్చి మరమ్మతులు చేయించెను. 1996 మొదలు బారన్స్ జట్టు ఏడాది కొక ఆట అచ్చట ఆడుచు, పూర్వకాలపు దుస్తులు ధరించి పాతరోజులను తలపించుచుండెను.

2024 మే నెలలో బేస్‌బాల్ అధికారులు పూర్వపు నల్లజాతి లీగుల లెక్కలను ప్రధాన చరిత్రలో చేర్చిరి. దానితో విల్లీ మేస్ 1948లో కొట్టిన 10 దెబ్బలు వాని పద్దునకు జమపడి, 3,283 కాస్త 3,293 అయ్యెను. డెబ్బదియారేండ్లకు సరిదిద్దబడిన పద్దు అది! జూన్ 20న అతని గౌరవార్థము రిక్‌వుడ్‌లో పెద్ద జట్ల ఆట నొకటి ఏర్పాటు చేసిరి. దానికి రెండు దినములు ముందుగా, 18వ తేదీన, మేస్ తన 93వ ఏట కాలధర్మము నొందెను. ఆట యాగలేదు. తీర్పరులందరును నల్లజాతివారగుట పెద్ద జట్ల చరిత్రలో అదే ప్రథమము. ఆ దినముననే రెగీ జాక్సన్ తన పాత అవమానములను దాచక లక్షలాదిమంది వినుచుండ చెప్పెను. పండుగపూట అట్టి మాటలేల యని ఎవరైనను అనుకొనవచ్చును. కాని పాత ఇంటికి సున్నము వేయునపుడు గోడలోని బీటను పూడ్చక పైపూత పూసినచో వానకాలమున మరల బయటపడదా?

రిక్‌వుడ్‌ను నిలుపుకొనుటలో ఉన్న మేలు ఇదియే. అది కూలిపోయినచో పండుగ దుస్తులతో ఆదివారము వచ్చిన ఆ తల్లుల సంతోషమునకును ఆనవాలుండదు, కుడివైపు బల్లలకును ఆనవాలుండదు. రెంటినిగూర్చియు పిల్లలకు చెప్పుటకు ఒక చోటు కావలెను.

సోదరీమణులారా! పరదేశపు దోషమును వినినపుడు ‘అయ్యో’ అనుట సులభము. మన ఇండ్లలో పనిమనిషికి వేరుగా తీసిపెట్టిన లోటా, వాకిట నిలుచుండియే తాగి పోవలసిన కాఫీ ఎన్ని యిండ్లలో నేటికిని లేవు? పంక్తిభేదము కూడదని మనకు నేర్పిన పెద్దలు ఆ పంక్తిలో ఎవరెవరిని కూర్చుండబెట్టవలెనో చెప్పక విడిచియుండవచ్చును. ఆ మిగిలిన పాఠము మనము మన పిల్లలకు చెప్పవలసి యున్నది.