జేబులో టెస్టర్ ఉంటే సరిపోతదా?

రెండేండ్లు ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి బయటికొచ్చిన మన పోరగాండ్లల్ల చానమంది జేబులో ఉండేది ఒక్క లైన్ టెస్టరే. అది కరెంటు ఉన్నదో లేదో చెప్తది, అంతే. వైరు ఇన్సులేషన్ చెడిందా, ఎర్త్ సక్కగున్నదా చెప్పదు. దానికి 500 వోల్టుల మెగ్గర్, ఎర్త్ టెస్టర్ కావాలె. మెగ్గర్ మీద కనీసం ఒక్క మెగాఓమ్ చూపకుంటే కొత్త వైరింగుకు కరెంటియ్యొద్దు. పాఠమైతే చదివిండు, కొననీకి పైసలేవి?

2024లో సర్కారు టాటా టెక్నాలజీస్‌తోని కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని వెట్టుకున్నది. రోబోలు రానీ, మంచిదే. బాయికాడ స్టార్టరు డబ్బా ఇప్పేది మాత్రం ఈ పిల్లగాడే. షాక్ కొడితే పోయేది వాని పానమో, రైతు పానమో.

పాసైన ప్రతొక్కరికీ మెగ్గర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ ఇయ్యాలె. రీడింగు పట్టుడు నేర్పే పదిహేను రోజుల శిక్షణ ఉచితంగ పెట్టాలె. ఇదే మేమడిగేది. కటింగ్ ప్లేరు చేతిల వెట్టి ఫొటోలు దిగుడు కాదు.